పావురాలకు మైట్లు పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

మేడ మీద నాలుగు లక్కా పావురాలు పెంచుకునే కుర్రాళ్ల దగ్గర నుంచి, వంద హోమర్ పావురాలతో పందేలకు వెళ్లేవాళ్ల దాకా, వానలు మొదలయ్యాక అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. పావురాలు పెంచకపోయినా, ఏసీ వెనక గూటి వల్ల ఒళ్లంతా దురద పుట్టినవాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను. ముందే ఒక మాట: మైట్ల వైద్యంలో సగానికి పైగా పని పావురం పడుకునే చోటే ఉంటుంది. మందు సీసా కొనేముందు టార్చి లైటు కొనండి.

మైట్లు, పేలు, పిడుదులు... అన్నీ ఒకటేనా?

కాదు. షాపులో అన్నిటినీ కలిపి "పురుగు పట్టింది" అనేసి ఒకటే మందు ఇస్తారు. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

పేనుకు ఆరు కాళ్లు. పావురం పేను సన్నగా, పొడుగ్గా, నువ్వుగింజ కంటే చిన్నగా, రెక్క ఈకల మధ్య పుల్లముక్కలా అతుక్కుని కనిపిస్తుంది. పుట్టడం, పెరగడం, చావడం అంతా పావురం మీదే. ఎక్కువగా ఈకల నూగునూ చర్మపు పొట్టునూ తింటుంది.

మైటు సాలెపురుగు, పిడుదుల వర్గానికి చెందింది. పెద్దదానికి ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి అప్పుడే వచ్చినదానికి ఆరు. ఒంటి పొడవు ఒక మిల్లీమీటరు లోపే. కొన్ని రకాలు రక్తం తాగుతాయి, కొన్ని ఈకల మీద బతుకుతాయి, కొన్ని చర్మంలో దూరతాయి. ఏది పట్టిందో తెలియకుండా మందు వేస్తే డబ్బులూ పోతాయి, పిల్లలూ పోతాయి.

వీటిలో నిజంగా భయపడాల్సింది దేనికి?

మొదటి స్థానం ఎర్ర మైటుది. శాస్త్రీయ నామం డెర్మానిసస్ గల్లినే. కోళ్ల ఫారాలను పీడించేది కూడా ఇదే. పగలంతా చెక్క సందుల్లో, మేకుల చుట్టూ, పెట్టె అడుగున, ఎండిన రెట్టల కింద దాక్కుని, చీకటి పడ్డాక పావురం మీదికి ఎక్కి, రక్తం తాగి మళ్లీ సందులోకి వెళ్లిపోతుంది. అచ్చం మంచంలో నల్లి లాగే. ఆకలితో ఉన్నప్పుడు బూడిదరంగులో, తాగాక ఎర్రగా కనిపిస్తుంది. వెచ్చగా, తేమగా ఉంటే గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దశకు ఏడు నుంచి పది రోజుల్లో వచ్చేస్తుంది. పైగా తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. "గది ఆరు నెలలు ఖాళీగా ఉంది, ఇంకేం ఉంటాయి" అనుకుని కొత్త జతను దింపినవాళ్లు దెబ్బతినేది ఇందుకే.

రెండోది ఆర్నితోనిసస్ జాతివి. మనలాంటి వేడి ప్రాంతాల్లో వీటిలో బర్సా అనే రకం పావురాల గూళ్లలో ఎక్కువ. ఇది పగలు కూడా పక్షి మీదే ఉండగలదు. గుదం చుట్టూ, పొట్ట కింద ఈకల మొదళ్లలో నల్లగా మురికి పట్టినట్టు కనిపిస్తుంది. మనుషుల మీదికి కూడా బాగా ఎక్కుతుంది.

ఈక పొరల మధ్య ఉండే ఈక మైట్లు దాదాపు ప్రతి పావురానికీ కొన్ని ఉంటాయి. పక్షి ఆరోగ్యంగా ఉంటే వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. ఈక కాడ లోపల చేరే రకం, చర్మంలో దూరి ఈకలు రాల్చే రకం అరుదు. ఈ రెండోదాని సంగతి కింద ఉంది.

పగలు ఎంత వెతికినా ఒక్కటీ కనబడలేదు. అయినా ఉండొచ్చా?

ఉండొచ్చు. ఎర్ర మైటును పగలు పావురం మీద వెతకడం దండగ.

రాత్రి లైట్లు ఆర్పేసి, రెండు గంటలు ఆగి, టార్చి తీసుకుని వెళ్లండి. పావురాలు నిలబడే కర్రను కింద వైపు నుంచి చూడండి. కర్ర గోడలోకి దిగే చోట, పెట్టె మూలల్లో, గూటికి పెట్టే మట్టి మూకుడు అడుగున వెలుతురు వేయండి. తెల్ల గుడ్డ ముక్కను కర్ర అడుగున గట్టిగా రుద్ది చూడండి. గుడ్డ మీద సన్నటి ఎర్రటి గీతలు పడితే ఇక అనుమానం అక్కర్లేదు, అది మీ పావురాల రక్తమే.

రాత్రి మేలుకోలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. అట్టపెట్టెలో గాడులు గాడులుగా ఉండే అట్టను వేలెడు వెడల్పున కత్తిరించి, కర్ర కింద దారంతో కట్టండి. దాక్కోవడానికి మైట్లు ఆ గాడుల్లోకి చేరతాయి. రెండు మూడు రోజుల తర్వాత తీసి, తెల్ల కాగితం మీద తట్టండి. చూడటం అయిపోయాక అట్టను మరిగే నీళ్లలో వేయాలి. చెత్తబుట్టలో వేస్తే మళ్లీ నడిచొస్తాయి.

పగటి గుర్తులూ కొన్ని ఉన్నాయి. చెక్క అతుకుల దగ్గర బూడిదరంగు, నలుపు కలిసిన సన్నటి పొడి పేరుకుని ఉంటుంది, అవి మైట్ల విసర్జన, విడిచిన పొరలు. సాయంత్రం పావురాలు పెట్టెలోకి వెళ్లకుండా బయటే తచ్చాడతాయి. పొదుగుతున్న జత గుడ్లు వదిలేసి లేస్తుంది. పిల్ల నోరు తెరిచి చూస్తే లోపల గులాబి రంగు ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. పెద్ద పావురం కొంతకాలం తట్టుకుంటుంది కానీ వారం రోజుల పిల్ల రక్తం చాలక రాత్రికి రాత్రే పోతుంది. "నిన్న బాగానే తిన్నది, పొద్దున చూస్తే చచ్చి ఉంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది మూకుడు ఎత్తి చూశారా అనే.

రెక్క ఈకలకు సూదితో పొడిచినట్టు చిల్లులున్నాయి. మైట్లేనా?

చాలావరకు పేలు. రెక్క విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పేలు కూడా కనిపిస్తాయి. ఇవి పక్షి మీదే ఉంటాయి కాబట్టి పెర్మెత్రిన్ పొడి లేదా స్ప్రే పక్షికి సరిగ్గా పట్టిస్తే పోతాయి. ఈపి గుడ్లు చావవు, అందుకే పది రోజుల తర్వాత మళ్లీ పట్టించాలి. ముక్కు చివర విరిగిన పావురాలకు పేలు విపరీతంగా పెరుగుతాయి. అవి ముక్కుతోనే ఈకలు దువ్వుకుని పేలను చంపుకుంటాయి కదా.

ఐవర్‌మెక్టిన్ ఎంత వేయాలి? షాపులో "ఒక చుక్క చాలు" అన్నారు.

ఆ "ఒక చుక్క" గురించి కాస్త లెక్క చూద్దాం.

పక్షులకు పశువైద్యులు సాధారణంగా వాడే మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. పావురం బరువు 400 గ్రాములు అనుకుంటే దానికి కావాల్సింది 0.08 మిల్లీగ్రాములు. పశువుల మందుల షాపులో దొరికే ఇంజెక్షన్ ఒక శాతం ద్రావణం, అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. కాబట్టి మీ పావురానికి కావాల్సింది 0.008 మిల్లీలీటరు. మన దగ్గర దొరికే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో అతి చిన్న గీత 0.025 మిల్లీలీటరు. అంటే ఒక్క గీత వేసినా మూడు రెట్లు ఎక్కువ. సిరంజి నుంచి రాలే ఒక చుక్క దానికి ఇంకా రెట్టింపు ఉంటుంది.

ఆవులకూ గేదెలకూ తయారుచేసిన మందు అది. దాన్ని నేరుగా పావురానికి పొడిస్తే పక్షి తూలడం, కళ్లు కనబడనట్టు తల వాల్చేయడం, చావడం జరుగుతాయి. "మా ఫ్రెండ్ వేశాడు, ఏం కాలేదు" అనే మాట నేనూ విన్నాను. ఏమీ కానివాళ్లే ఆ మాట చెబుతారు.

సరైన పద్ధతి ఏమిటంటే, పశువైద్యుడు మందును ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ద్రవంలో పలచన చేసి, పక్షి బరువు చూసి, మెడ వెనక ఈకలు పక్కకు తీసి చర్మం మీద వేయడానికో నోటిలో వేయడానికో ఇస్తారు. పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాత రెండో డోసు. వంటింటి డిజిటల్ తూకం మీద చిన్న అట్టపెట్టె పెట్టి పావురాన్ని తూచుకుని వెళ్లండి, డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఇంకో విషయం. చర్మంలో దూరే మైట్లకూ, పక్షి మీదే ఉండే వాటికీ ఐవర్‌మెక్టిన్ బాగా పనిచేస్తుంది. ఎర్ర మైటు రాత్రి కాసేపు తాగి వెళ్లిపోతుంది కాబట్టి దాని మీద ఈ మందు ఒక్కదానితో గెలవలేరు. సందుల్లో ఉన్న గుడ్లకైతే ఏమీ కాదు.

తాగే నీళ్లలో కలిపేస్తే తేలిక కదా?

ఇంజెక్షన్ మందు నీళ్లలో సరిగ్గా కలవదు. ముందు తాగిన పక్షికి ఎక్కువ, చివర తాగినదానికి ఏమీ రాదు. వద్దు.

యూరప్‌లో 2017లో కోళ్ల ఎర్ర మైట్ల కోసం ఫ్లురలానర్ అనే మందును నీళ్లలో కలిపి ఇవ్వడానికి అనుమతించారు. వారం తేడాతో రెండుసార్లు ఇస్తారు. అది నీళ్లలో కలవడానికే తయారైన మందు, మోతాదు కోళ్ల బరువుకు లెక్కగట్టింది. కుక్కలకిచ్చే ఫ్లురలానర్ బిళ్లను పొడిచేసి పావురాల నీళ్లలో కలపడం దానితో సమానం కాదు.

గదిని ఎలా శుభ్రం చేయాలి? అడుగడుగునా చెప్పండి.

పొద్దున్నే మొదలుపెట్టండి, సాయంత్రానికి గది ఆరాలి. పావురాలన్నిటినీ వేరే పంజరంలోకి మార్చండి. దాణా, నీళ్లు, గ్రిట్ (అరుగుదలకు పావురాలు మింగే రాతి నూక) గిన్నెలు బయట పెట్టేయండి. ముక్కుకు ఎన్‌95 మాస్కు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఎండిన రెట్టలను పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు నీళ్లు చిలకరించి, తడిసాక గీకండి. గీకినదంతా మూట కట్టి అదే రోజు బయటికి పంపించేయాలి. మొక్కలకు ఎరువని మేడ మీదే ఒక మూల పోస్తే మైట్లకు రెండో ఇల్లు కట్టిచ్చినట్టే.

తర్వాత, ఊడదీయగలిగినవన్నీ ఊడదీయండి. కర్రలు, పెట్టె పలకలు, మూకుళ్లు అన్నీ. ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు. కర్ర గోడలో దిగిన ఆ రెండంగుళాల కన్నంలోనే వేలకొద్దీ ఉంటాయి. ఊడదీసినవాటి మీద మరిగే నీళ్లు పోయండి. మైటుకూ దాని గుడ్డుకూ మరిగే నీళ్లను మించిన మందు లేదు, పెట్టెల్లో మందు మిగిలిపోయే భయమూ లేదు. ఖాళీ ఇనుప పంజరమైతే, చుట్టుపక్కల కాలేవి లేకుండా చూసుకుని బ్లో ల్యాంప్‌తో అతుకుల వెంట మంట తిప్పవచ్చు. ప్లాస్టిక్, చెక్క ఉన్నచోట ఆ పని చేయకండి.

అన్నీ ఆరాక మందు కొట్టాలి. మన దగ్గర డెల్టామెత్రిన్ తేలికగా దొరుకుతుంది, పశువుల పిడుదులకు వాడే బ్యూటాక్స్ అదే. లేబుల్ మీద పాకకూ గోడలకూ రాసిన పాళ్లలోనే నీళ్లు కలపండి. "ఇంకాస్త ఘాటుగా ఉంటే మంచిది" అనే ఆలోచన మానుకోండి. స్ప్రేయర్ మూతిని సందులోకి గురిపెట్టి తడిసేలా కొట్టాలి, గోడ మధ్యలో ఎంత కొట్టినా లాభం లేదు. పూర్తిగా ఆరి, వాసన తగ్గాకే పావురాలను లోపలికి పంపాలి. ఇంట్లో పిల్లి ఉంటే, చేపల తొట్టి ఉంటే వాటిని దూరంగా ఉంచండి. డెల్టామెత్రిన్ కుటుంబానికే చెందిన పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం, ఈ కుటుంబం మందులన్నీ చేపలకు విషం.

చివరగా సందులు మూసేయండి. గోడ పగుళ్లకు సిమెంటు, చెక్క సందులకు పుట్టీ, ఆ పైన చిక్కటి సున్నం రెండు కోట్లు. మన పాతకాలం పావురాల గూళ్లకు ఏటా సున్నం కొట్టడం ఊరికే అందం కోసం చేసిన పని కాదు.

ఇదంతా అయ్యాక ఏడో రోజున మందు మళ్లీ కొట్టాలి, పద్నాలుగో రోజున ఇంకోసారి. మొదటిసారి కొట్టినప్పుడు గుడ్లు మిగిలిపోతాయి. అవి పిల్లలై, పెద్దవై, మళ్లీ గుడ్లు పెట్టేలోపు పట్టుకోవాలి. రెండోసారి కొట్టనివాళ్లు మొదటిసారి కొట్టకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు.

పెట్టెలో గుడ్లున్నాయి, పిల్లలున్నాయి. ఆగాలా?

ఆగొద్దు, పిల్లలే ముందు పోతాయి. కానీ మందు వాటి మీద పడకూడదు.

కొత్త మూకుడు తీసుకుని, అందులో కొత్త పుల్లలు వేసి, పిల్లలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకోండి. రెక్క కింద, చెవి రంధ్రాల దగ్గర, ముక్కు మొదలు దగ్గర మైట్లుంటే తడి దూదితో తుడవండి. కొత్త మూకుట్లో పెట్టి, అదే పెట్టెలో అదే చోట పెట్టండి. చోటు మారితే తల్లిదండ్రులు తికమకపడతాయి. పాత మూకుడు, పుల్లలు నేరుగా మరిగే నీళ్లలోకి. నాలుగైదు రోజులకోసారి ఇలా మూకుడు మారుస్తూ ఉంటే పిల్లలు ఎగిరేదాకా, అంటే ఇంచుమించు నెల రోజులు, నెట్టుకు రావచ్చు. పెద్ద శుభ్రం ఆ తర్వాత చేసుకోవచ్చు. గుడ్లను కూడా ఇలాగే మార్చవచ్చు, కడగవద్దు.

గూటికి వేప పుల్లలు, కొబ్బరి ఈనెలు మంచివి. విదేశాల్లో పందెం పావురాలవాళ్లు మైట్లు చేరకుండా గూటికి పొగాకు కాడలు వేస్తారు, ప్యాకెట్లలో అమ్ముతారు కూడా. గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకు అవి ఊరికే దొరుకుతాయి. నా మటుకు నేను వేయను. నికోటిన్ విషమే, తడిస్తే పిల్లల చర్మానికి తగులుతుంది.

వేపాకు, బూడిద, పసుపు, కిరసనాయిలు, కలరా ఉండలు: వీటిలో పనికొచ్చేది ఏది?

అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

జల్లించిన కట్టెల బూడిద పొడిగా ఉన్నంతవరకు పురుగు ఒంటి మీది మైనం పొరను గీకి ఎండగొడుతుంది. పెట్టె అడుగున, పుల్లల కింద పలచగా వేయవచ్చు. తడిస్తే పనిచేయదు, పైగా తడి బూడిద చర్మాన్ని కాలుస్తుంది. డయాటమేషియస్ ఎర్త్ అనే పొడి కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. చల్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి, పావురాలు లోపల ఉండగా చల్లకండి.

వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్లు స్నానానికి పెట్టవచ్చు, హాని లేదు. దానితోనే మైట్లు పోతాయని మాత్రం ఆశపెట్టుకోకండి. వేపాకు పొగ వేయడం అసలు మంచిది కాదు. పక్షి ఊపిరితిత్తులు చాలా సున్నితం, సందులో ఉన్న మైటు కంటే ముందు పావురమే ఉక్కిరిబిక్కిరవుతుంది. పసుపు గాయానికి రాసుకోండి, మైట్లకు కాదు.

కిరసనాయిలు పూర్వం కర్రలకు రాసేవారు. మైట్లు చచ్చేమాట నిజమే. ఇప్పుడు అంతకంటే మంచివి ఉన్నప్పుడు, నిప్పంటుకునే దాన్ని మేడ మీద చెక్క పెట్టెలకు పూయడమెందుకు? పక్షి ఒంటికి రాస్తే చర్మం ఊడుతుంది. కలరా ఉండలు పెట్టెలో వేయడం మరీ ఘోరం. ఆ ఆవిరి మూసిన పెట్టెలో పిల్లలకు విషం.

గమాక్సిన్ పొడి, సెవిన్ పొడి, కుక్కల పిడుదుల స్ప్రే వాడొచ్చా?

పెద్దవాళ్లు ఇప్పటికీ "గమాక్సిన్ చల్లు, చస్తాయి" అంటారు. ఆ పొడిలోని బీహెచ్‌సీ అనే పురుగుమందును మన దేశంలో 1997లోనే నిషేధించారు. దాని తమ్ముడు లిండేన్ వాడకం 2013లో ఆగింది. సెవిన్‌లో ఉండే కార్బరిల్ మీద 2018లో నిషేధం వచ్చింది. ఎవరి కొట్లోనో పాత డబ్బా మిగిలి ఉంటే అది అక్కడే ఉండనీయండి.

కుక్కల స్ప్రేల్లో ఎక్కువగా ఉండేది ఫిప్రోనిల్. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలలో కోళ్ల ఫారాల ఎర్ర మైట్లకు కొట్టే మందులో దీన్ని అక్రమంగా కలిపారు. అది గుడ్లలో తేలి, లక్షల కొద్దీ గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, ఎన్నో దేశాల్లో గోల అయింది. డాక్టరు చూసి, మోతాదు చెప్పి వాడమంటే వేరు. మీ అంతట మీరు పావురం మీద కొట్టకండి.

అన్నీ చేశాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చాయి. ఎందుకు?

రెండో విడత మందు కొట్టకపోవడం, కర్రల చివర్లు ఊడదీయకపోవడం, ఈ రెండూ ముందు అడుగుతాను. ఆ రెండూ సరిగ్గా చేసి ఉంటే బయటి నుంచి వస్తున్నాయేమో చూడాలి. మీ షెడ్డు రేకుల కింద ఊరపావురాల గూడు ఉందా? పిచ్చుక గూడు ఉందా? పక్కింటి కోళ్ల గంప గోడకు ఆనుకుని ఉందా? ఎన్ని మందులు కొట్టినా ఆ గూటి నుంచి దిగుతూనే ఉంటాయి.

ఇవేవీ కాకపోతే మందుకు మైట్లు అలవాటు పడి ఉండొచ్చు. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ ఒకే కుటుంబం. వీటికి లొంగని ఎర్ర మైట్లు చాలా దేశాల్లో ఉన్నాయి. పేరు మార్చి అదే కుటుంబం మందు కొంటే ఫలితం ఉండదు. వేరే కుటుంబం మందు ఏదో పశువైద్యుడిని అడగండి, ఈలోపు మరిగే నీళ్లు, బూడిద, సున్నం మీద ఆధారపడండి. వాటికి ఏ మైటూ అలవాటు పడదు.

స్నానం చేయిస్తే తగ్గుతాయా?

కోడి మట్టిలో పొర్లుతుంది, పావురం నీళ్లలో మునుగుతుంది. వెడల్పాటి పళ్లెంలో రెండు మూడు అంగుళాల లోతు నీళ్లు పోసి, వారానికి ఒకటి రెండుసార్లు ఎండపూట పెట్టండి. ఈకలు బాగుపడతాయి, దువ్వుకోవడం పెరుగుతుంది, పేలు, ఈక మైట్లు తగ్గుతాయి. ఎర్ర మైటుకు దీంతో సంబంధం లేదు. మెడ మీద మందు వేసిన రోజూ, దానికి అటూ ఇటూ రెండేసి రోజులూ స్నానం ఆపండి. స్నానం అయ్యాక ఆ నీళ్లు వెంటనే పారబోయాలి, లేకపోతే అవే తాగుతాయి.

ముర్గీచౌక్ నుంచి కొత్త జత తెచ్చాను. ఏం చూసుకోవాలి?

చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్ అనే కాదు, ఏ సంతలోనైనా ఒకే పంజరంలో పది ఇళ్ల పావురాలు ఉంటాయి. తెచ్చిన జతను వెంటనే మీవాటిలో కలపకండి. మేడ ఇంకో చివర, కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచండి. తెచ్చిన అట్టపెట్టెను ఇంట్లోకి తేకుండా పారేయండి. రెక్కలు విప్పి చూడండి, గుదం చుట్టూ ఈకలు ఊది చూడండి, కాళ్ల పొలుసులు చూడండి.

అప్పుడే ఈకల మధ్య నుంచి చప్పటి ఈగ ఒకటి అడ్డంగా పరిగెత్తి మీ చొక్కాలో దూరిందంటే అది పావురం ఈగ. రక్తం తాగుతుంది, కుడుతుంది, పావురాలకు హీమోప్రోటియస్ అనే రక్తజబ్బు అంటిస్తుంది. అంతటితో ఆగదు, పేలూ మైట్లూ దాన్ని పట్టుకుని ఒక పావురం నుంచి ఇంకోదానికి వెళతాయి. దాని ప్యూపాలు (ఈగగా మారేముందు దశ) నల్లగా మెరుస్తూ చిన్న గింజల్లా మూకుడు అడుగున ఉంటాయి. మూకుడు మార్చేటప్పుడు అవి కనిపిస్తే నలిపేయండి.

తల మీద, మెడ మీద ఈకలు విరిగి రాలుతున్నాయి. కాళ్ల మీద పొలుసులు లేస్తున్నాయి. ఇదీ మైటేనా?

అయ్యుండొచ్చు. నెమిడోకాప్టిస్ అనే జాతి మైట్లు ఈకల మొదళ్లలో, కాలి పొలుసుల కింద దూరతాయి. పావురాల్లో కోళ్లలో కనిపించినంతగా ఉండవు. ఈకలు మార్చుకునే కాలంలో మామూలుగా రాలడాన్ని చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. అప్పుడు రాలిన చోట కొత్త ఈక మొలకలు కనిపిస్తాయి. మైటు వల్ల అయితే ఈక మొదట్లో విరిగి, అక్కడ చర్మం పొట్టు రేగి ఉంటుంది. చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే తేలిపోతుంది. ఐవర్‌మెక్టిన్ బాగా పనిచేసేది ఇక్కడే.

మైట్లు మనుషులకు అంటుకుంటాయా?

కుడతాయి, కాపురం పెట్టవు. చేతుల మీద, నడుము దగ్గర, బట్టలు బిగుతుగా ఉన్నచోట చిన్న ఎర్రటి పొక్కులు, బాగా దురద. మన రక్తం మీద అవి పెంపకం సాగించలేవు. గజ్జికి కారణమయ్యే మైటు వేరు, అది మనిషి చర్మంలోనే బతుకుతుంది. వేడి నీళ్ల స్నానం, బట్టలు వేడి నీళ్లలో ఉతకడం, దురదకు డాక్టరు చెప్పిన మాత్ర చాలు. గూడు సంగతి తేల్చకుండా చర్మానికి ఎన్ని క్రీములు పూసినా వచ్చే వారం మళ్లీ ఇదే టెన్షన్.

పావురాలతో ఉన్నాక పొడి దగ్గు, ఆయాసం, సాయంత్రాలు జ్వరం వస్తుంటే అది మైట్ల పని కాకపోవచ్చు. ఈకల పొడి, రెట్టల దుమ్ము పడక ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు ఒకటుంది. ఆలస్యం చేయకుండా ఛాతీ డాక్టరుకు చూపించుకోండి, పావురాలు పెంచుతున్న సంగతి చెప్పండి.

నేను పావురాలు పెంచను. ఫ్లాట్‌లో ఏసీ వెనక గూడు ఉండేది, తీసేశాం. అప్పటి నుంచి ఇంట్లో దురదలు. నల్లులా?

హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఇది మామూలు కథ. పరుపులు మారుస్తారు, నల్లుల మందు కొట్టిస్తారు, అసలు కారణం కిటికీ అవతల ఉంటుంది. పిల్లలు ఎగిరిపోయాక గూట్లో వేలకొద్దీ మైట్లు ఆకలితో మిగులుతాయి. వెచ్చదనాన్ని వెతుక్కుంటూ ఏసీ పైపు కన్నం గుండా, కిటికీ ఫ్రేము సందు గుండా గదిలోకి వస్తాయి. ఆ కిటికీ అంచు మీద తెల్ల సెల్లోటేపు అంటించి తీసి చూడండి. కదిలే చుక్కలు అంటుకుని ఉంటే అవే.

గూడు తీయడానికి ఒక పద్ధతి ఉంది. గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరేదాకా ఆగండి, పిల్లలైతే ఇంచుమించు నెల, గుడ్లైతే నెలన్నర పైనే పట్టవచ్చు. ఎగిరిన రోజే తీయాలి, ఎందుకంటే అదే జత మళ్లీ గుడ్లు పెట్టడానికి ఎక్కువ సమయం తీసుకోదు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, గూటిని సబ్బు నీళ్లతో తడిపి, కవరులో వేసి మూతి బిగించి, వెంటనే కిందికి పంపండి. ఆ చోటును వేడి సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక పురుగుల స్ప్రే కొట్టండి. ఏసీ పైపు కన్నం, ఫ్రేము సందులు సీల్ చేయండి. వల కట్టించడం అన్నిటికంటే చివర. పాత గూడు లోపలే ఉండగా వల కట్టించేస్తే పావురాలు బయట, మైట్లు మీ దగ్గర. ఇంట్లోకి వచ్చినవాటికి వ్యాక్యూమ్ క్లీనర్, తడిగుడ్డ, వేడి నీళ్లు చాలు. పక్షి లేకపోతే బర్సా రకం కొన్ని వారాల్లో చాలామటుకు తగ్గిపోతుంది, ఎర్ర మైటైతే నెలలు పట్టవచ్చు.

మందు వేసిన పావురాలను తినొచ్చా?

ఐవర్‌మెక్టిన్ గానీ ఇంకేదైనా గానీ పావురాలకు వేసేది డాక్టరు తన బాధ్యత మీద, లేబుల్‌లో లేని వాడకంగా. ఎన్ని రోజులాగాలో లేబుల్ మీద ఉండదు. మాంసానికి పెంచేవాటి సంగతైతే మందు వేయకముందే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి?

పిల్లలు చనిపోతుంటే, నోరు తెల్లబడితే, పావురం ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంటే, ఊపిరి తీసేటప్పుడు గురక లాంటి శబ్దం వస్తే ఆలస్యం చేయకండి. ఆ శబ్దానికి గాలి సంచుల్లో చేరే మైటు ఒక కారణం, క్యాంకర్ (నోట్లో, గొంతులో పసుపు గడ్డలు కట్టే జబ్బు) వంటి వేరే జబ్బులు అంతకంటే ఎక్కువ కారణం. చూడకుండా చెప్పలేరు.

హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలు. జిల్లాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలో ఎక్కువగా చూసేది గేదెలూ మేకలే కాబట్టి, మీరు సరైన నమూనా తీసుకెళితే పని తేలికవుతుంది. పురుగులను సెల్లోటేపుకు అంటించి గాజు ముక్క మీద అతికించండి, లేదా చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి. రాలిన ఈకలు నాలుగు విడిగా కవర్లో పెట్టండి. పావురాల్లో బాగా నీరసించినదాన్ని, చూడటానికి ఆరోగ్యంగా ఉన్నదాన్ని, రెంటినీ తీసుకెళ్లండి. గత నెలలో ఏ మందు ఎంత వేశారో కాగితం మీద రాసుకుని వెళ్లండి, సీసా ఉంటే సీసాయే తీసుకెళ్లండి.